ముందు స్టీరింగ్‌కు దారి

కార్ల కంపెనీ నుంచి వచ్చిన కారులో స్టీరింగ్ నుంచి ముందు చక్రాల దాకా వెళ్లే ఉక్కు కడ్డీ గురించి యజమాని ఎన్నడూ ఆలోచించడు. ఆ అవసరం రాకుండా కంపెనీ ఇంజనీర్లు ముందే కొలతలన్నీ తేల్చి ఉంటారు. ఇంట్లోనే కారు కట్టుకునేవారికి ఆ భాగ్యం లేదు. ఛాసిస్ సిద్ధమవుతుంది, ఇంజన్ దిగుతుంది, పొగ గొట్టాలు బిగుస్తాయి. తీరా స్టీరింగ్ షాఫ్ట్ చేతిలోకి తీసుకుంటే అది వెళ్లాల్సిన దారిలో పొగ గొట్టం అడ్డుగా కనిపిస్తుంది. దాన్ని తప్పిస్తే ఇంజన్ మౌంటింగ్ తగులుతుంది. దాన్నీ తప్పిస్తే బ్రేకు సిలిండర్. కిట్ కార్లు కట్టేవారిలో ఈ తంటా పడనివారు అరుదు. అప్పుడు వారు తీసుకునే నిర్ణయం మీదే ఆ కారులో కూర్చునేవారి క్షేమం ఆధారపడుతుంది.

రోడ్డు మీద ఇంజన్ ఆగిపోతే కారు మెల్లగా ఆగుతుంది. బ్రేకులు పోతే గేరు తగ్గించవచ్చు, హ్యాండ్ బ్రేకు లాగవచ్చు. స్టీరింగ్ తెగినా, మలుపులో బిగుసుకుపోయినా డ్రైవరు చేతిలో మరో సాధనం ఉండదు. అందుకే కారులోని మిగతా భాగాలకు చెల్లే సర్దుబాట్లు స్టీరింగ్‌కు చెల్లవు.

కిట్ కారు అంటే కొన్ని భాగాలు కొత్తగా కొని, మరికొన్ని పాత కారు నుంచి ఊడదీసి, యజమాని స్వయంగా బిగించుకునే బండి. ఈ అభిరుచి బాగా వేళ్లూనుకున్నది బ్రిటన్‌లో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ పూర్తిగా తయారైన కారుపై కొనుగోలు పన్ను భారంగా ఉండేది. విడిభాగాలుగా కొంటే ఆ పన్ను పడేది కాదు. కొలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్ ఆ వెసులుబాటును బాగా వాడుకుంది. 1973లో వ్యాట్ రావడంతో మినహాయింపు పోయింది కానీ సరదా పోలేదు. సెవెన్ తయారీ హక్కులు అదే ఏడాది కేటర్‌హామ్ సంస్థ చేతికి వచ్చాయి. 250 పౌండ్లతో స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చంటూ రాన్ ఛాంపియన్ 1996లో రాసిన పుస్తకంతో సామాన్యులు కూడా వెల్డింగ్ యంత్రాలు పట్టుకున్నారు. పాత ఫోర్డ్ ఎస్కార్ట్ ఒకటి కొని, దాని ఇంజన్, గేర్‌బాక్స్, స్టీరింగ్ తీసి, చదరపు ఉక్కు గొట్టాలతో కట్టిన ఛాసిస్‌లో అమర్చడం ఆ పద్ధతి.

సమస్య కూడా అక్కడే మొదలవుతుంది. ఎస్కార్ట్ స్టీరింగ్‌ను ఎస్కార్ట్ కొలతలకు గీశారు. సెవెన్ తరహా కారు అంతకంటే ఇరుకు. డ్రైవరు దాదాపు నేలకు ఆనుకుని, వెనక చక్రాలకు దగ్గరగా కూర్చుంటాడు. ఇంజన్ కూడా వెనక్కి జరుగుతుంది. ఇక కొనేవారు తమకిష్టమైన మరో ఇంజన్ పెట్టుకుంటారు. దాని పొగ గొట్టాలు కుడివైపు ఉంటే, డ్రైవరు కూర్చునేదీ కుడివైపే కాబట్టి, షాఫ్ట్‌తో పోటీ తప్పదు. అమెరికాలో ప్రసిద్ధమైన కోబ్రా నమూనాల్లో పెట్టే వి8 ఇంజన్‌కు రెండు వైపులా పొగ గొట్టాలే. డ్రైవరు ఎటు కూర్చున్నా షాఫ్ట్ వాటి పక్కనుంచో, మధ్యనుంచో దూరి వెళ్లాల్సిందే.

ఇలాంటప్పుడు మొదట తట్టే ఉపాయాలు మూడు. మూడూ తేలికగానే కనిపిస్తాయి. తగిలే చోట షాఫ్ట్‌ను కాస్త అరగదీయడం మొదటిది. చక్రం దగ్గరి స్టీరింగ్ ఆర్మ్‌ను గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచడం రెండోది. స్టీరింగ్ ర్యాక్‌నే పైకో, కిందకో, ముందుకో జరపడం మూడోది.

మొదటి ఉపాయం ఎక్కడికి దారితీయగలదో చెప్పడానికి ప్రపంచంలోకెల్లా నిపుణులు పనిచేసిన చోటు నుంచే ఉదాహరణ ఉంది. 1994 మే 1న ఇటలీలోని ఇమోలాలో జరిగిన ఫార్ములా వన్ పందెంలో అయర్టన్ సెన్నా నడుపుతున్న విలియమ్స్ కారు టాంబురెల్లో మలుపులో తిరగక నేరుగా గోడను ఢీకొంది. సెన్నా మరణించాడు. కాక్‌పిట్ ఇరుగ్గా ఉందని, స్టీరింగ్ తిప్పేటప్పుడు వేళ్ల కణుపులు రాసుకుంటున్నాయని అతను అంతకుముందు చెప్పడంతో స్టీరింగ్ కాలమ్‌ను కొద్దిగా కిందకు దించారు. అప్పుడు కాక్‌పిట్ కొలతల నిబంధనకు అది అడ్డువచ్చింది. దాంతో ఒకచోట కాలమ్ మందాన్ని సుమారు 22 మిల్లీమీటర్ల నుంచి 18కి తగ్గించారు. ప్రమాదం తర్వాత కాలమ్ విరిగి కనిపించింది. లోపభూయిష్టంగా చేసిన ఆ మార్పు వల్ల కాలమ్ విరగడమే ప్రమాదానికి కారణమని ఇటలీ అత్యున్నత న్యాయస్థానం 2007లో తేల్చింది. బాధ్యత జట్టు సాంకేతిక అధిపతి పాట్రిక్ హెడ్‌దని చెప్పినా కాలపరిమితి దాటినందున శిక్ష పడలేదు. అభియోగం నుంచి బయటపడిన డిజైనర్ ఏడ్రియన్ న్యూయీ 2017లో వెలువడిన తన ఆత్మకథలో ఆ కాలమ్ డిజైన్ సరిగా లేదని ఒప్పుకున్నాడు. ప్రమాదం దానివల్లే జరిగిందని మాత్రం అతను నమ్మడు. కారణం మీద వాదన ఎలా ఉన్నా ఒక విషయంలో భేదాభిప్రాయం లేదు. కొద్ది మిల్లీమీటర్ల సందు కోసం స్టీరింగ్ భాగాన్నే సన్నబరిచారు, అది సరైన పని కాదు.

ఇందులో లెక్క మొండిది. మెలితిప్పే బలాన్ని కడ్డీ తట్టుకునే శక్తి దాని వ్యాసం ఘనానికి అనులోమంగా ఉంటుంది. లోపల బోలు లేని కడ్డీని 22 నుంచి 18 మిల్లీమీటర్లకు తగ్గిస్తే మందం పోయేది అయిదో వంతులోపే, శక్తి పోయేది మాత్రం దాదాపు సగం. పైగా మందం హఠాత్తుగా మారే మెట్టు దగ్గర ఒత్తిడి పోగుపడుతుంది. పగులు అక్కడే మొదలై, వేలసార్లు అటూఇటూ తిప్పాక ఒకరోజు పూర్తవుతుంది. ఇంట్లో రాకుడు యంత్రంతో అరగదీసిన చోట మిగిలే గీతలు కూడా అలాంటి మెట్లే.

రెండో ఉపాయం ఇంకా మోసకారి, ఎందుకంటే దాని హాని కంటికి కనిపించదు. స్టీరింగ్ ఆర్మ్‌లు సాధారణంగా సమ్మెటపోటుతో రూపుదిద్ది, ఆపై నిర్ణీత ఉష్ణోగ్రతలో శుద్ధిచేసిన ఉక్కువి. వాటిని మళ్లీ ఎర్రగా కాలిస్తే కర్మాగారంలో సంపాదించిన బలం పోతుంది. గబుక్కున నీళ్లలో ముంచితే పెళుసుబారుతుంది. రంగు వేశాక పాతదానికీ దీనికీ తేడా ఎవరూ చెప్పలేరు. గేటు కమ్మీ వంచడానికి పనికొచ్చే విద్య ఇక్కడ పనికిరాదు.

మూడో ఉపాయం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందం. ర్యాక్ తనకు తోచిన చోట ఉండే భాగం కాదు. గతుకు మీద చక్రం పైకి లేచినప్పుడు సస్పెన్షన్ చేతులు ఒక చాపరేఖలో తిరుగుతాయి. ర్యాక్ నుంచి చక్రానికి వెళ్లే టై రాడ్ మరో చాపరేఖలో తిరుగుతుంది. రెండూ కలిసి నడిచేలా ర్యాక్ ఎత్తును, పొడవును నిర్ణయిస్తారు. ఇంజన్ కింది నూనె తొట్టి తగులుతోందని ర్యాక్‌ను ఒక సెంటీమీటరు దించితే ఆ పొత్తు చెడిపోతుంది. అప్పుడు డ్రైవరు తిప్పకుండానే ప్రతి గతుకుకూ ముందు చక్రాలు తమంతట తాము పక్కకు తిరుగుతాయి. ర్యాక్‌ను ముందుకో వెనక్కో జరిపితే మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం తిరగాల్సిన కోణాల నిష్పత్తి మారిపోతుంది. చక్రాల ఇరుసుకు ముందుండాల్సిన ర్యాక్‌ను ఏమాత్రం మార్చకుండా, ఆర్మ్‌లను తిప్పి, వెనక బిగిస్తే కుడికి తిప్పినప్పుడు కారు ఎడమకు పోతుంది. వినడానికి నవ్వులాటగా ఉన్నా కాగితం మీద గీసుకోకుండా పని మొదలుపెట్టినవారికి ఎదురయ్యే చిక్కే ఇది.

మరి మార్గం ఏమిటి? ర్యాక్ తన చోట ఉండాలి. డ్రైవరు చేతుల దగ్గర స్టీరింగ్ తన చోట ఉండాలి. ఈ రెండింటి మధ్య దారిని మాత్రమే వంచాలి. వంచాల్సింది కడ్డీని కాదు, కడ్డీలను కలిపే కీలును. మెకానిక్కులు క్రాస్ అని పిలిచే యూనివర్సల్ జాయింట్ అందుకే ఉంది. 17వ శతాబ్దపు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుతో దాన్ని హుక్ జాయింట్ అనీ అంటారు.

ఆ కీలుకు ఒక గుణం ఉంది. కోణంలో ఉన్నప్పుడు అది తిప్పే వేగం సమానంగా ఉండదు. పైకడ్డీ ఒక చుట్టు సమంగా తిరిగేలోగా కిందకడ్డీ రెండుసార్లు తొందరపడి, రెండుసార్లు నెమ్మదిస్తుంది. వంపు 20 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గు సుమారు 6 శాతం. 30 డిగ్రీలకు వచ్చేసరికి తొందర 15 శాతం దాటుతుంది. డ్రైవరు చేతికి ఇది స్టీరింగ్ ఒకచోట బరువుగా, మరోచోట తేలిగ్గా తిరుగుతున్నట్టు తెలుస్తుంది. రెండు కీళ్లు వాడి, రెండింటి వంపూ సమానంగా ఉంచి, మధ్య కడ్డీకి రెండు చివరలా ఉండే కొమ్ములు ఒకే వరసలో ఉండేలా బిగిస్తే మొదటి కీలు చేసిన తప్పును రెండోది దిద్దుతుంది. రెండు వంపులూ వేర్వేరు తలాల్లో ఉంటే కొమ్ములను కూడా ఆమేరకు తిప్పి బిగించాలి. అంతా కొత్త సామానే వేసినా స్టీరింగ్ పట్టిపట్టి తిరుగుతోందంటే చాలాసార్లు కారణం ఈ వరస తప్పడమే.

రెండు కీళ్లతోనూ దారి దొరక్కపోతే మూడోది వేస్తారు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రెండు కీళ్ల మధ్య కడ్డీ ఒకటే కాబట్టి దాని స్థానం ఖాయం. పైన కాలమ్ బేరింగులు, కింద ర్యాక్ బేరింగులు దాన్ని పట్టుకుంటాయి. మూడో కీలు వేస్తే మధ్యలో రెండు కడ్డీలవుతాయి. వాటిని కలిపే కీలును పట్టుకునేది ఏదీ ఉండదు. డ్రైవరు స్టీరింగ్ తిప్పితే చక్రాలు తిరిగేబదులు ఆ కీలు గాలిలో పక్కకు ఊగుతుంది, ఏ పొగ గొట్టాన్ని తప్పించడానికి పెట్టారో దాన్నే వెళ్లి తాకుతుంది. అందుకే మూడో కీలు వేస్తే దానికి దగ్గరగా, ఛాసిస్‌కు గట్టిగా బిగించిన బేరింగు ఒకటి తప్పనిసరి. రేకు ముక్కకు బిగించిన బేరింగు లెక్కలోకి రాదు, రేకే వంగుతుంది.

ఈ వంపు దారికి ఒక అదనపు ప్రయోజనమూ ఉంది. ముందు నుంచి దెబ్బ తగిలినప్పుడు తిన్నగా ఉన్న పొడవాటి కడ్డీ డ్రైవరు ఛాతీ వైపు దూసుకొస్తుంది. కీళ్ల దగ్గర విరిగి మడత పడే కడ్డీ అలా రాదు. ఇంజన్‌ను తప్పించుకోవడానికి పెట్టిన వంపు మనిషిని కాపాడే వంపు కూడా అవుతుంది.

దారి దొరికింది, ఏదీ తగలడం లేదు. పని అయిపోయినట్టేనా? కాదు. ఆగి ఉన్న కారులో కనిపించే సందును నమ్మడానికి లేదు. రబ్బరు మౌంటింగుల మీద కూర్చున్న ఇంజన్ యాక్సిలరేటర్ తొక్కగానే ఒక పక్కకు ఒరుగుతుంది. మౌంటింగులు పాతబడితే మరింత. అర మీటరు స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టం 500 డిగ్రీల మేర వేడెక్కితే నాలుగు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. తగలకపోయినా గొట్టం వేడి పక్కనున్న కీలులోని గ్రీజును కరిగించి పారిస్తుంది, రబ్బరు కప్లింగ్ ఉంటే దాన్ని ఎండబెట్టి పగలగొడుతుంది. చక్రాలు గతుకుల్లో ఎగిరిపడతాయి. ఛాసిస్ కూడా కొద్దిగా మెలిపడుతుంది. ఉదయం షెడ్డులో చల్లగా ఉన్నప్పుడు అయిదు మిల్లీమీటర్లుండే సందు మధ్యాహ్నం ఎక్కు రోడ్డు మీద సున్నా కావచ్చు.

కాబట్టి సందును కదలికలో కొలవాలి. అందుకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. అసలు షాఫ్ట్ కొనే ముందు అంతే మందం కర్రతోనో, పీవీసీ గొట్టంతోనో నమూనా చేసి దారి చూసుకోవాలి. తర్వాత ముందు సస్పెన్షన్ స్ప్రింగులు తీసి, జాకీతో చక్రాన్ని పైకి అందినంత ఎత్తి, కిందకు పోయినంత దించి, ప్రతి ఎత్తులోనూ స్టీరింగ్‌ను ఒక కొస నుంచి మరో కొస దాకా తిప్పాలి. తగలవచ్చనుకున్న ప్రతిచోటా బంకమట్టి ముద్ద అంటిస్తే అది ఎంత నలిగిందో చూసి మిగిలిన సందు చెప్పవచ్చు. ఇనుప బారుతో ఇంజన్‌ను రెండు వైపులా నెట్టి అదెంత ఒరుగుతుందో కొలిచి, అంతకు మించిన సందు ఉంచాలి. బ్రేకు గొట్టాలు, వైర్లు ఏ స్థితిలోనూ షాఫ్ట్‌కు చుట్టుకోకూడదు. ఈ పరీక్ష ఒకపూట పని. మొదటి వంద కిలోమీటర్లు నడిపాక మళ్లీ చేయాలి, ఎక్కడైనా రంగు రాసుకుపోయి మెరుస్తోందేమో చూడాలి.

పూర్తి మలుపులో పొంచి ఉండే ప్రమాదం ఇంకొకటుంది. స్టీరింగ్ ఆర్మ్, టై రాడ్ మధ్య కోణం విప్పారుతూ రెండూ దాదాపు ఒకే గీత మీదకు వస్తే, మరికాస్త తిప్పగానే కీలు అవతలి వైపు మడత పడుతుంది. ఇక చక్రం వెనక్కి రాదు. కారు మలుపులోనే ఇరుక్కుంటుంది. దీనికి విరుగుడు ర్యాక్ మీదో, చక్రం దగ్గరో లోహపు అడ్డు పెట్టి, ఆ గీతకు చాలా ముందే తిరుగుడును ఆపేయడం. అడ్డు లేని కారులో ఆ పని టైరో, బ్రేకు గొట్టమో చేస్తుంది. ఎక్కువ రోజులు చేయదు.

బ్రిటన్‌లో ఇవన్నీ కట్టేవారి మంచితనానికి వదిలేయలేదు. 1998లో సింగిల్ వెహికల్ అప్రూవల్ అనే పరీక్ష వచ్చింది. 2009 నుంచి దాని స్థానంలో ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్ అమల్లోకి వచ్చింది. ఇంట్లో కట్టిన ఒక్క కారునే ప్రభుత్వ పరీక్షకుడు ముందు పెట్టుకుని చూస్తాడు. తిప్పి వదిలిన స్టీరింగ్ తనంతట తాను తిన్నగా వస్తోందా, ఢీకొంటే కాలమ్ డ్రైవరు మీదకు రాకుండా ఏర్పాటుందా అన్నవి అందులో భాగం. నెగ్గితేనే నంబరు ప్లేటు.

భారత్‌లో సొంతంగా కారు కట్టి రోడ్డెక్కించాలనుకునేవారికి అలాంటి తలుపు లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వది కొత్త వాహనం నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ వంటి గుర్తింపు సంస్థల్లో పరీక్షకు పెట్టమంటుంది. వేల కార్లు అమ్మే తయారీదారును దృష్టిలో పెట్టుకున్న ఏర్పాటు అది. ఉన్న వాహనాన్ని మార్చుకుందామంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుపడుతుంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నంగా మారేలా మార్పులు చేయరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది.

అయినా ఈ విద్య దేశంలో లేకపోలేదు. అది కళాశాలల్లో ఉంది. 2007లో మొదలై మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో పేరు తెచ్చుకున్న బాహా పోటీలకు, ఫార్ములా తరహా విద్యార్థి పోటీలకు ఆంధ్ర, తెలంగాణ ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా సొంతంగా కట్టిన బళ్లు తీసుకెళుతుంటారు. కారు ట్రాక్ ఎక్కే ముందు పరీక్షకులు స్టీరింగ్ పట్టుకుని ఊపి చూస్తారు. ఫార్ములా పోటీల నిబంధనల ప్రకారం స్టీరింగ్‌లో ప్లే మొత్తం కలిపి 7 డిగ్రీలు దాటకూడదు. కీళ్లు అవతలికి మడత పడకుండా, టైర్లు ఛాసిస్‌కు తగలకుండా అడ్డులు ఉండాలి. నెలల తరబడి నిద్ర మాని కట్టిన కారును ఈ ఒక్క కారణంతో పక్కన పెట్టించుకున్న కుర్రవాళ్లకు బాధ కలగడం సహజం. కానీ ఆ తిరస్కారం వారికి దొరికే పాఠాల్లో చవకైనది.

బ్రిటన్ షెడ్డులోనైనా, కోదాడ కాలేజీ వర్క్‌షాపులోనైనా పని జరగాల్సిన వరస ఒకటే. ముందు డ్రైవరు సీటు. తర్వాత అతని చేతులకు, కాళ్లకు అందే చోట స్టీరింగ్, పెడళ్లు. తర్వాత సస్పెన్షన్ లెక్క ప్రకారం ర్యాక్. ఆ రెంటి మధ్య షాఫ్ట్ నమూనా. ఇంజన్, పొగ గొట్టాలు ఆ తర్వాతే. ఈ వరసలో వచ్చినవారికి పొగ గొట్టం అడ్డుపడినా చేయాల్సింది తెలుస్తుంది. గొట్టాన్ని కోసి, మరో వంపు వెల్డింగ్ చేయించుకోవాలి. దానికి కొంత డబ్బు, ఒక ఆదివారం ఖర్చవుతాయి. పొగ గొట్టం వెల్డింగ్ ఊడితే కారు గట్టిగా మోత పెడుతుంది, అంతే.